కొబ్బరితోట పడిపోయాక తీసిన గెలాక్సీ ఫోటో

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఉద్దానంలో ఒక చిన్న టౌనులో పనిచేస్తాను. ఉద్దానం గురించి విన్నవాళ్ళకి మా సెంటరు ఎప్పుడూ ఎందుకు నిండి ఉంటుందో చెప్పక్కర్లేదు. విననివాళ్ళకి ఒక్క మాట చెబుతాను. ఇక్కడ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఎంత ఒత్తుగా ఉంటాయో, కిడ్నీ జబ్బు కూడా అంత ఒత్తుగా ఉంటుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేదు.

సొంతూరు విజయనగరం. అక్కడ మా నాన్న చాలాకాలం ఫోటో స్టూడియో నడిపాడు. సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేశాడు గానీ, అప్పటికే నాకు కెమెరా పట్టుకోవడం నేర్పేశాడు. వెలుతురు తక్కువైతే షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచు, ఈలోగా ఏదీ కదలనివ్వకు, అనేవాడు. ఆయన చెప్పింది పెళ్ళిమండపాల గురించి. నేను ఆ మాటని ఆకాశానికి వాడుకున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, విశాఖపట్నంలో ఇల్లు మారుతున్న ఒకాయన దగ్గర పాత టెలిస్కోపు కొన్నాను. ఆరంగుళాల అద్దం, బరువైన ఇనుప కాళ్ళు, ఆకాశం తిరిగే వేగానికి సరిగ్గా తనూ తిరిగే మోటారు. బస్సులో వెనక సీటు మీద పెట్టుకుని తెచ్చుకున్నాను. చంద్రుణ్ణి తీశాను, శనిని తీశాను. ఆ తరవాత ఒక గెలాక్సీ మీద మనసు పడింది.

అది దక్షిణ ఆకాశంలో, శిల్పి అనే నక్షత్రమండలంలో ఉంటుంది. మన పాలపుంత లాంటిదే, ఇంకో పెద్ద నక్షత్రాల గుంపు. దాని నడిమధ్యలో కొత్త నక్షత్రాలు మామూలు కంటే చాలా వేగంగా, కుప్పలు కుప్పలుగా పుడుతున్నాయి. అలాంటివాటిని స్టార్‌బర్స్ట్ గెలాక్సీలంటారు. దాని వెలుగు మన దాకా రావడానికి కోటి ఏళ్ళ పైనే పడుతుంది. ఇంత దూరంలో ఉన్నది చిన్న టెలిస్కోపుకి కూడా అందుతుందని చదివి, ప్రయత్నించాను.

అందలేదు. నేను అద్దెకుండే ఇంటి డాబా మీద నుంచి చూస్తే దక్షిణం వైపంతా కొబ్బరిచెట్లు. వాటి సందుల్లోంచి బస్టాండు లైట్ల తెల్లటి వెలుగు. మొదటి ఏడాది తీసిన ఫోటోల్లో గెలాక్సీ ఉండాల్సిన చోట ఒక మట్ట అడ్డంగా పడింది. రెండో ఏడాది పాలు ఒలికినట్టు తెల్లగా వచ్చింది, అంతే.

మా సెంటరుకి సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం వచ్చేవాళ్ళలో ఒక కొబ్బరి రైతు ఉండేవాడు. అరవై దాటిన మనిషి. నేను బాబాయ్ అనేదాన్ని, వెంట వచ్చే ఆయన భార్యని పిన్నీ అనేదాన్ని. మిషను మీద నాలుగు గంటలు పడుకోవాలి. సూదులున్న చెయ్యి కదపకూడదు. కొందరు నిద్రపోతారు, కొందరు టీవీ చూస్తారు. ఆయన మాట్లాడేవాడు. ఒకరోజు నా ఫోనులో టెలిస్కోపు ఫోటో చూసి అడిగాడు.

"ఏటది మేడమ్? బోరు గొట్టం లాగున్నాది."

చెప్పాను. గెలాక్సీ సంగతి కూడా చెప్పాను, ఇంటి దగ్గర చెట్లు అడ్డం వస్తున్నాయని కూడా. ఆయన అదంతా వదిలేసి ఒక్క ముక్క పట్టుకున్నాడు.

"సుక్కలు పుడతాయేటి? రాలడమే సూసినాను గానీ పుడతాయని నాకు తెల్దు."

"పుడతాయి బాబాయ్. దుమ్మూ, గాలీ ఒకచోట చేరి ముద్దై, వేడెక్కి వెలుగుతాయి."

"ఎన్నాళ్ళు పడతాది?"

"లక్షల ఏళ్ళు."

"అయితే మన కొబ్బరే నయం," అన్నాడు.

ఆ అక్టోబరులో తుఫాను వచ్చింది. ఆ రాత్రి నేను సెంటరులోనే ఉన్నాను. తెల్లారి బయటికి వస్తే టౌను ఎప్పుడూ లేనంత వెడల్పుగా కనిపించింది. ఎందుకో అర్థం కావడానికి కాసేపు పట్టింది. చెట్లు లేవు. కరెంటు స్తంభాలు వంగిపోయి ఉన్నాయి. జనరేటరు మీద మిషన్లు నడిపాం. సగం మంది రాలేకపోయారు.

బాబాయ్ ఒక డయాలసిస్ తప్పి మూడో రోజు వచ్చాడు. రోడ్డుకి అడ్డంగా పడిన చెట్లని కోసిన మేరకు ట్రాక్టరు మీద, మిగతా దూరం నడిచి వచ్చారట ఇద్దరూ. కాళ్ళు వాచిపోయి, ఊపిరి అందక మాట రావడం లేదు. ముందు ఆయనకే మిషను పెట్టాను. ఆ నాలుగు గంటల్లో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. పిన్ని బయట మెట్ల మీద కూర్చుంది. నేను టీ తీసుకెళ్ళి ఇస్తే గ్లాసు చేతిలో పట్టుకుని చెప్పింది.

"నిలబడ్డ సెట్టు ఒకటీ నేదు పిల్లా. ఆల తాత ఏసినవి, ఈయన ఏసినవి, అన్నీ ఒకే ఏపుకి పడుకున్నాయి."

పక్కన కూర్చున్నాను.

నాలుగైదు వారాలు గడిచాయి. దీపావళి వెళ్ళింది. ఒక బుధవారం సూదులు తీసి, దూది పెట్టి అదుముతుంటే బాబాయ్ నెమ్మదిగా అన్నాడు.

"మేడమ్, మీకు దచ్చినం ఏపు సెట్లడ్డమని సెప్పినారు కదా. మా తోటలో ఇప్పుడు అడ్డమేటీ నేదు. సముద్రం దాకా బోడే. ఒచ్చి తీసుకోండి మీ ఫోటో."

నిజం చెప్పాలంటే తుఫాను తరవాత రెండు రాత్రులు డాబా ఎక్కి ఆ చీకటి ఆకాశాన్ని చూశాను. చూసి, సిగ్గుపడి దిగిపోయాను. ఇళ్ళల్లో దీపం లేక, నీళ్ళు లేక జనం అవస్థ పడుతుంటే నాకు అది మంచి ఆకాశంలా కనపడింది. ఇప్పుడు ఆయన నష్టపోయిన తోటలో కూర్చుని నేను ఫోటో తీసుకోవాలా?

"వద్దు బాబాయ్. బాగోదు," అన్నాను.

పిన్ని చెప్పులు వెతుక్కుంటున్నదల్లా తలెత్తింది. "ఏటి బాగోదు? సెట్లు పడిపోనాయని మా ఇంటికి మడుసులు రాకూడదేటి? రా పిల్లా. నువ్వొక్కదానివే అని బెంగెట్టుకోకు, నాను పక్కన కూకుంటాను."

ఆ శుక్రవారం సాయంత్రం ఆటోలో సామానంతా వేసుకుని వెళ్ళాను. వాళ్ళ ఇల్లు తోట మొదట్లోనే, చిన్న డాబా. వెనక తోట. తోట అని అలవాటుగా అంటున్నాను. దుంగలన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడి ఉన్నాయి. కొన్నిటి వేళ్ళు ఇంకా మట్టి పట్టుకుని పైకి లేచి ఉన్నాయి. ఆకులు ఎండి గాలికి గరగరలాడుతున్నాయి. పిన్ని కర్ర పట్టుకుని ముందు నడిచింది.

"సూసుకుని అడుగెయ్. ఈ దుంగల కింద పాములు సేరిపోనాయి."

దుంగల మధ్య కాస్త ఖాళీ చూసి ఇనుప కాళ్ళు పాతాను. ఉత్తరాన ధ్రువ నక్షత్రం ఇక్కడ బాగా కిందికి ఉంటుంది. మా ఇంటి దగ్గర నాకెప్పుడూ అది కనపడలేదు. మోటారు ఆకాశంతో కలిసి తిరగాలంటే టెలిస్కోపు ఇరుసుని దాని వైపే గురిపెట్టాలి. అక్కడ మొదటిసారి సూటిగా గురిపెట్టుకోగలిగాను. ఇటు తిరిగితే సముద్రం మీద నల్లటి ఆకాశం. ఏడున్నరకల్లా గెలాక్సీ దొరికింది.

ముందు కెమెరా పెట్టకుండా కంటితో చూశాను. కోలగా, ఒక పక్కకి వాలి, చాలా పల్చటి వెలుగు. పిన్నిని పిలిచాను. ఆవిడ కొంగు బిగించి, ఒంగి, ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఏదీ? ఏటీ నేదు."

"సూటిగా కాదు పిన్నీ, కొంచెం పక్కకి చూడు. మసక వెలుగు కంటి కొసకే బాగా తెలుస్తుంది."

"ఉండుండు... అల్లది. పొయ్యిలోంచి లేసిన పొగ లాగున్నాది." తల పైకెత్తి నన్ను చూసింది. "దీనికోసమేటి ఇంత సామాను మోసినావు?"

దీనికోసమే అన్నాను. దీన్ని మొదట కనిపెట్టింది రెండు వందల ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి అని కూడా చెప్పాను. "రాత్రులు మేలుకునేది ఆడదే కదా," అని పిన్ని మంచం వాల్చుకుంది.

ఒక్కో ఫోటోకి రెండు నిమిషాలు షట్టరు తెరిచి ఉంచాలి. అలాంటివి వంద పైగా తీసి, ఇంటికెళ్ళాక కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి కలిపితే గానీ సరైన బొమ్మ రాదు. ఆ రోజు పదైనా రాలేదు. సముద్రపు గాలికి గొట్టం ఊగి, నక్షత్రాలన్నీ గీతల్లా సాగాయి. పైగా మంచుకి అద్దం చెమర్చింది. పిన్ని నా కంటే ఎక్కువ చిరాకు పడి, టెలిస్కోపు అక్కడే ఉంచెయ్యమంది. మర్నాడు పగలంతా కూర్చుని ఎండిన మట్టలతో తడికలు అల్లింది. సాయంత్రానికి మూడు తడికలు దుంగలకి ఆనించి, తాళ్ళతో కట్టి, గాలికి అడ్డం పెట్టింది. ఆ తడికలతో నా పని కుదిరింది.

ఆ శనివారం ఎనిమిది దాటాక వరసగా మంచి ఫ్రేములు పడుతున్నాయి. బాబాయ్ దుప్పటి కప్పుకుని వచ్చి మంచం చివర కూర్చున్నాడు. కళ్ళకి చీకటి అలవాటు పోకుండా నేను లాప్‌టాప్ తెరకి ఎర్ర కాగితం అంటించి చూస్తున్నాను. అప్పుడు కాలవ అవతల నుంచి టార్చిలైట్లు వచ్చాయి. నాలుగు, తరవాత ఏడెనిమిది. మా మీదికే వస్తున్నాయి. వెలుగు పడి అప్పటికి తెరిచి ఉన్న ఫ్రేము పాడైపోయింది.

వచ్చినవాళ్ళు చుట్టుపక్కల తోటల రైతులు. చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో పాసుపుస్తకాల జిరాక్సులు.

"మేడమ్, మా తోట కూడా రాయండి. మాది కాలవ అవతల," అన్నాడు ముందున్నాయన.

నాకు అర్థం కాలేదు. ఆయన మూడు కాళ్ళ మీద నిలబడ్డ నా టెలిస్కోపుని చూపించాడు. "సర్వేకే కదా ఒచ్చినారు? పొద్దున్న నుంచీ మిసను పెట్టినారని సెప్పినారు."

పరిహారం కోసం నష్టం రాసుకునే ప్రభుత్వం మనుషులు ఊరూరూ తిరుగుతున్నారు గానీ ఆ చివరి తోటల దాకా ఇంకా రాలేదు. పడిన తోటలో ఒక ప్యాంటు మనిషి, మూడు కాళ్ళ మిషను. ఎవరైనా అదే అనుకుంటారు.

పిన్ని మంచం మీద నుంచి లేచింది. "ఒరే, ఆ లైట్లార్పండ్రా ముందు! ఈ పిల్ల సర్వేకి రానేదు. సుక్కల్ని ఫోటో తీస్తన్నాది."

ఒక్కొక్క టార్చీ ఆరింది. చీకట్లో ఎవరిదో గొంతు వినపడింది. "మా సెట్లు పడిపోతే రానోళ్ళు సుక్కలకి ఒచ్చినారా?"

అతను అన్నదాంట్లో తప్పేముంది? బాబాయ్ కొంచెం గట్టిగానే అన్నాడు. "ఆ మాటకీ ఈవిడకీ ఏటి సంబందం రా? ఈవిడ నాకు రకతం కడిగే మేడమ్. నానే రమ్మన్నాను."

వాళ్ళు వెంటనే వెళ్ళిపోలేదు. దుంగల మీద కూర్చున్నారు. నేను కెమెరా విప్పితే కొందరు టెలిస్కోపులోంచి చూశారు. ఒకాయన మర్యాదకి "బాగున్నాది" అన్నాడు. మొదట తోట రాయమన్నాయన కెమెరా వైపే చూస్తున్నాడు.

"ఆ కెమెరాకి మా తోట ఫోటో ఒస్తాదేటి?"

"పగలైతే వస్తుంది."

"దుంగలు కొనడానికి మడుసులొస్తన్నారు మేడమ్. కోసి అమ్మీసి మొక్కలేసుకోవాల. తీరా అంతా తీసీసినాక రాసేవోళ్ళొస్తే ఏటి సూపిస్తాము? మా గుంటడు సెల్లులో తీస్తే ఏదీ సరిగ్గా రావడం నేదు."

"రేపు ఆదివారం. పొద్దున్న తీస్తాను," అన్నాను.

రాత్రి బాబాయ్ వాళ్ళింట్లోనే పడుకుని, ఆదివారం పొద్దున్న ఆరింటికి బయల్దేరాను. గెలాక్సీకి వాడిన కెమెరాకే మామూలు లెన్సు పెట్టాను. ఒక్కో తోటకీ వెళ్ళి, నాలుగు మూలల నుంచి దుంగలు స్పష్టంగా కనపడేలా తీసి, చివర యజమానిని మధ్యలో నిలబెట్టి ఒకటి తీశాను. చాలామంది ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. ఒకావిడ పసుపు రాసుకుని, తల్లో పువ్వు పెట్టుకుని వచ్చి వేళ్ళు పైకి లేచిన చెట్టు పక్కన నిటారుగా నిలబడింది. స్టూడియోలో విన్న అలవాటు కొద్దీ "కొంచెం నవ్వండి" అనబోయి ఆగాను. రాత్రి సుక్కల మాట అన్నదెవరో నాకు గొంతుని బట్టి తెలిసింది. అతని తోట ఆఖరున తీశాను. అతను ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు నా సంచీ ఆటో దాకా మోశాడు.

ఫోటోలు ప్రింటు వేయించి ఇచ్చాను. అవి ఎంతవరకు పనికొచ్చాయో నాకు పూర్తిగా తెలియదు. రాయడానికి వచ్చినవాళ్ళు కొందరి ఫోటోలు కాగితాలతో జతచేసుకున్నారనీ, కొందరివి అడగనే లేదనీ పిన్ని చెప్పింది.

తరవాతి అమావాస్యకి మళ్ళీ వెళ్ళాను. అప్పటికి గెలాక్సీ సాయంత్రం ఏడింటికే దక్షిణాన ఆకాశంలో సగం ఎత్తుకి వచ్చేస్తోంది. మూడు సాయంత్రాలు తీశాను. కాలవ అవతల ఇళ్ళవాళ్ళు నేను చెప్పకుండానే వీధి వైపు బల్బులు ఆర్పేశారు. సుక్కల మాట అన్న మనిషి ఉడకబెట్టిన తేగలు తెచ్చి మంచం మీద పెట్టి, టెలిస్కోపులోంచి చాలాసేపు చూశాడు.

"నిజంగా ఇంత మసగ్గానే ఉంటాదా?" అన్నాడు.

"కంటికి ఇంతే. ఫోటోలో ఇంకా బాగా వస్తుంది."

"అయితే ఫోటో అయ్యాక సూస్తాను," అని లేచిపోయాడు.

ఫ్రేములన్నీ కలపడానికి నాకు రెండు వారాలు పట్టింది. డ్యూటీ అయ్యాక రోజూ కాస్త కాస్త చేశాను. మొదట అంతా బూడిదరంగు. కలిపే కొద్దీ మధ్యలో పసుపుపచ్చ వెలుగు తేలింది, దాని మీద అడ్డదిడ్డంగా నల్లటి దుమ్ము చారలు, చుట్టూ నీలం ఛాయ. ఆ దుమ్ము వెనకే నక్షత్రాలు పుడుతున్నాయి. మూలల్లో నక్షత్రాలు కోలగా సాగాయి. కింద ఎడమ పక్క ఏదో ఉపగ్రహం గీసిన గీత పూర్తిగా పోలేదు. నాన్నకి పంపితే ఫోను చేసి, "ఫోకసు బాగుంది, అంచులు పోయాయి," అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అంతే.

పెద్ద సైజులో రెండు కాపీలు వేయించి, ఒకటి సెంటరుకి తీసుకెళ్ళాను. బాబాయ్ సూదులు లేని చేత్తో పట్టుకుని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు.

"ఈ యెలుగు కోటేళ్ళ కిందటిదన్నారు. అప్పుడు పుట్టిన సుక్కలు ఇప్పుడుంటాయా?"

"పెద్దవి ఈపాటికి పోయి ఉంటాయి బాబాయ్. అవి తొందరగా కాలిపోతాయి. చిన్నవి ఉంటాయి."

ఆయన తల ఊపి, పక్క బెడ్డు మనిషికి అందించాడు. అలా ఆరు బెడ్లూ తిరిగి పిన్ని చేతికి వచ్చింది. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా తోటేదీ ఇందులో?"

"ఇందులో తోట రాదు పిన్నీ. పైన ఆకాశమే."

"మరి నా తడికలు?"

"అవీ రావు."

"అన్ని రోజులు కూకుంటే ఒక తడికైనా రానేదా," అని నిజంగానే నొచ్చుకుంది. రెండో కాపీ వాళ్ళకే ఇచ్చాను.

వానలు పడగానే కొబ్బరి మొక్కలు వేయడానికి గుంతలు తవ్వించారు. ఆ వారం మిషను మీద పడుకుని బాబాయ్ అడిగాడు. "మేడమ్, దచ్చినం వరస ఒగ్గీమంటారా? మీకు అడ్డం రాకుండా?"

"వద్దు వద్దు. వేసేయండి."

"ఆలోసించుకోండి. ఆరేడేళ్ళకి మళ్ళీ ఏటీ కనపడదు."

"వేసేయండి బాబాయ్."

వేశారు. నేనూ ఒక ఆదివారం వెళ్ళాను. సూదులు గుచ్చే చేత్తో ఆయన బరువు ఎత్తకూడదు కాబట్టి, ఆయన చెబుతుంటే నేనూ పిన్నీ మొక్కలు దించి మట్టి తోశాం. ఇప్పుడవి నా భుజం దాటాయి. బాబాయ్ ఇంకా సోమ, బుధ, శుక్రవారాలు వస్తున్నాడు. ముందటి కంటే నీరసించాడు, మాట తగ్గింది. పిన్ని మోకాళ్ళు పట్టేశాయి. మొక్కల మధ్య టెలిస్కోపు కాళ్ళకి చోటు చాలక, పోయిన నవంబరులో వాళ్ళ డాబా మీద పెట్టాను. పిన్ని మెట్లెక్కలేక కింద వాకిట్లో కూర్చుంది. కాసేపటికి ఒకసారి కేకేసేది.

"ఏటి పిల్లా, కనపడిందా?"

"కనపడింది పిన్నీ."

"అయితే దిగొచ్చి అన్నం తిను."